శుక్రుడు కనబడుట లేదు

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు వచ్చని నేను నమ్మేదాన్ని. నేను నమ్మడమే కాదు, బొంబాయి కామాటిపురలో మా గల్లీ గల్లీనంతా నమ్మించాను. బీకాం పరీక్షలు రాసేసి, ఫోరస్ రోడ్డు మీద ఒక ఆన్‌లైన్ సెంటర్లో (రెండు కంప్యూటర్లు, ఒక జెరాక్స్ మిషను, తిరగాలా వద్దా అని ఆలోచిస్తూ ఉండే ఒక ఫ్యాను) కొత్తగా ఉద్యోగంలో చేరిన కాలమది. రేషన్ కార్డులో పేరు తప్పు పడినా, పాస్‌పోర్టు కావాలన్నా, పాలమూరుకు బస్సు టికెట్టు తీయాలన్నా జనం నా దగ్గరికే వచ్చేవాళ్ళు. ఇంగ్లీషు ఫారం చూస్తే మా వాళ్ళకు చెమటలు పట్టేవి, నాకు మాత్రం ఎక్కడలేని హుషారు వచ్చేది. మా చాల్లో (అంటే గ్యాలరీ పొడుగునా ఒక్క గది ఖోలీలుండే పాత మేడలో) అందరూ నన్ను "మేడం" అని పిలిచేవాళ్ళు. అందులో సగం గౌరవం, సగం వెక్కిరింత. నేను మొదటి సగం మాత్రమే వినిపించుకునేదాన్ని. ఇప్పుడు ఆ పిల్ల నాకెక్కడైనా ఎదురైతే ముందు నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి, ఆ తర్వాత పక్కన కూచోబెట్టుకుని చాయ్ తాగిస్తాను.

మాది రాళ్ళు మోసిన వంశం. ముత్తాత పాలమూరు నుంచి వచ్చి ఈ ఊరి గోడలకు రాళ్ళు మోశాడు, తాత ఇటుకలు మోశాడు, అవ్వ నెత్తిన తట్ట పెట్టుకుని సున్నం మోసింది. నాయిన కాలానికి మోత తగ్గి రంగుల పనిలోకి దిగాం. (నాయిన ఇళ్ళకు ఎంత శ్రద్ధగా రంగు వేసేవాడో, తన జుట్టుకూ అంతే శ్రద్ధగా వేసుకునేవాడు. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది కాబట్టి చెబుతున్నాను.) అన్న ఇంకో మెట్టెక్కి మస్కట్‌లో ఒక హోటల్లో ఏసీలు బాగుచేసే పనిలో కుదిరాడు. కొన్నేళ్ళకు గాని వాడికి పెద్ద సెలవు దొరకలేదు. దొరికిన రోజు ఫోన్ చేసి, "అమ్మా, నేనొస్తున్న. ఒక్కణ్ణి గాదు," అన్నాడు. అమ్మ ఫోన్ నాయిన చేతిలో పెట్టేసింది. నాయిన మాత్రం ధైర్యంగా, "ఒక్కడు గాదంటే సామాన్ మస్తు తెస్తుండేమో," అన్నాడు.

అన్న తెచ్చింది సామాను కాదు. అదే హోటల్లో కేకులు చేసే అమ్మాయి, ఫిలిప్పీన్స్ దేశస్థురాలు, గుండ్రటి మొహం, ఎప్పుడు చూసినా నవ్వబోతున్నట్టుండే కళ్ళు. పెళ్ళి చేసుకుంటే ఈమెనే చేసుకుంటానని అన్న, చేసుకుంటే మీ ఇంటి వాకిట్లోనే చేసుకుంటానని ఆమె అనుకుని బయల్దేరారట. సాయంత్రానికల్లా మా గ్యాలరీ నిండా జనం. ఆ పూటే ఆమెకు "మనీలా వదిన" అని పేరు పడిపోయింది. మాది మనీలా కాదు, మనీలా నుంచి పడవెక్కి పోవలసిన చిన్న లంక అని ఆమె ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. (పాలమూరుకు పోతే మేము ఏ గల్లీ వాళ్ళమైనా "బొంబాయోళ్ళమే" కదా, ఇదీ అంతే.)

మొదటి వారం అంతా భాషతోనే గడిచిపోయింది. వాళ్ళ భాషలో తండ్రిని "తాతయ్" అంటారు, తల్లిని "నానయ్" అంటారు. ఆమె పాపం ఎంతో ప్రేమగా మా నాయినను "తాతయ్" అని పిలిచింది. నిన్ననే రంగేసుకున్న జుట్టుతో, ఇస్త్రీ చొక్కాతో కూచున్న నాయిన మొహం చూడాలి! "ఏందిర ఇది? ఎన్ని డబ్బాలు రంగేసినా గీ పిల్లకు నేను తాత లెక్కనే కనబడ్తున్ననా?" అని అన్న మీద పడ్డాడు. అటు అమ్మను "నానయ్" అంటే అమ్మ వెనక్కి తిరిగి, "మీ నాయిన పనికి పోయిండు బిడ్డా," అనేది. అన్నిటికంటే పెద్ద గొడవ అవ్వతో వచ్చింది. పెద్దవాళ్ళు ఏదైనా అడిగితే వాళ్ళ దేశంలో గౌరవంగా "ఓపో" అనాలట, అంటే "అవునండీ" అని. అవ్వ పళ్ళెం పట్టుకుని, "అన్నం పెట్టన్న బిడ్డా?" అని అడిగింది. వదిన చేతులు కట్టుకుని, తల వంచి, "ఓపో!" అంది. అవ్వ పళ్ళెం పట్టుకునే గ్యాలరీలోకి వచ్చి, "సూడుండ్రి అమ్మలార! అన్నం పెడ్తనంటే పో అంటున్నది! నా ఖోలీలకెల్లి నన్నే పొమ్మంటున్నది!" అని పంచాయతీ పెట్టింది. అన్న పరుగెత్తుకొచ్చి అర్థం చెప్పాక అవ్వ కాసేపు ఆలోచించి, "గట్లనా? మర్యాద మాటనా?" అని, ఆ మాటను తనే తీసేసుకుంది. నల్లా దగ్గర ఎవరైనా "జరుగు అవ్వా" అంటే "ఓపో", కూరలవాడు "తాజా హై" అంటే "ఓపో". నెల తిరక్కుండా మా అంతస్తంతా "ఓపో" అనడం మొదలుపెట్టింది.

ఇక లగ్గం పెట్టుకోవాలి. అవ్వ ఒప్పుకుంది, అదే మాకు సగం పెళ్ళి అయినంత సంబరం. పక్క గల్లీలో మా వాళ్ళ గుడి పంతులు ఉన్నాడు. ఆయన పంచాంగం తీసి, వేళ్ళు మడిచి తెరిచి, "మొన్ననే మూఢాలు పడ్డయమ్మా. శుక్రుడు కనబడ్తలేడు. వచ్చే నెల ఆఖరుకు గాని విడువవు. అటెన్కనే లగ్గం," అన్నాడు. వదిన వీసా రెండు నెలలది. అది మూఢం విడవడానికి వారం ముందే అయిపోతుంది. అన్నకు ఈ సెలవు పోతే మళ్ళీ సెలవు ఎన్నేళ్ళకో వాడికే తెలియదు. మస్కట్‌లోనే రిజిస్టర్ చేసుకుంటామని అన్న నసుగుతూ అడిగితే అవ్వ కళ్ళెర్రజేసింది. "రిజిస్టర్ జేస్తరు, ఖోలీని జేస్తరు. పిల్లను జేస్తరార? నేను బతికుండంగ నా మన్మని లగ్గం నా కండ్ల ముంగట గావాలె." పోనీ మూఢంలోనే కానిద్దాం అంటే, "మూఢాలల్లనే జేసుకున్న నేను. మీ తాతకు తొందరుండె. సూసిండ్రు గద, జన్మల ఒక్క మాటన్న ఇన్నడా?" అని గోడ మీది ఫోటో వైపు చూసింది. దండలోంచి తాత ఏమీ అనలేదు. బతికున్నప్పుడూ అంతేనట.

ఆ సాయంత్రం వదిన గ్యాలరీ కటకటాలు పట్టుకుని కింద గల్లీలోకి చూస్తూ నిలబడింది. నేను చాయ్ తీసుకెళ్ళాను. తనకు వచ్చిన ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. మస్కట్‌లో బయల్దేరే ముందు ఫోన్లో వాళ్ళ అమ్మ ఏడ్చిందట, పరాయి దేశం అబ్బాయి పెళ్ళి చేసుకుంటాను రమ్మంటే నమ్మి పోతున్నావు, పెళ్ళి కాకుండా తిరిగొస్తే ఏమనుకోవాలి అని. "నేను నమ్మాను. ఇప్పుడు తిరిగి వెళ్ళిపోతే మా అమ్మ నమ్మదు. కొన్నాళ్ళకు నేను కూడా నమ్మనేమో," అంది. అంతవరకు నాకు ఈ వ్యవహారమంతా వినోదంగానే ఉండేది. ఆ మాటతో చాయ్ పక్కన పెట్టేశాను. వదిన చెయ్యి పట్టుకుని, వీసా పొడిగించే పూచీ నాదని, నీకేం భయం లేదని పెద్ద అధికారిలాగా చెప్పేశాను. (అప్పటిదాకా నేను విదేశీయుల వీసా ఫారం మొహం కూడా చూడలేదు.)

ఆన్‌లైన్‌లో ఆ ఫారం తెరిచాను. పేరు, ఊరు, పాస్‌పోర్టు, ఎవరింట్లో దిగింది, ఇంటివాళ్ళు పోలీసులకు తెలియజేశారా, ఇలా అన్నీ గడగడా నింపుకుంటూ పోయాను. చివర్లో ఒక ఖాళీ డబ్బా. ఉండవలసిన కాలం పెంచమనడానికి కారణం వివరించండి, అని. గట్టి కారణం ఉంటే తప్ప ఇవ్వరని కింద చిన్న అక్షరాల్లో ఉంది. నా కారణం చాలా గట్టిది, మూఢం. దాన్ని ఇంగ్లీషులో ఏమంటారు? కాలేజీలో ఎవరూ చెప్పలేదు. ఎవరినైనా అడుగుదామా అంటే, "మేడం"ను కదా, నేనెలా అడుగుతాను? ఫోన్లో "మూఢం" అని కొట్టాను. ఫోను కొంచెం కూడా తడుముకోకుండా "మూర్ఖత్వం" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట ఒకటి చూపించింది. నాకు ఒక్క క్షణం అనుమానం వచ్చింది. ఆ వెంటనే అనుమానం తీరిపోయింది కూడా. మూఢుడు అంటే తెలివిలేనివాడే కదా, మూఢనమ్మకం అంటే తెలివితక్కువ నమ్మకమే కదా, కాబట్టి మూఢం అంటే మనుషులకు తెలివి మందగించే కాలం అయ్యుంటుంది, అందుకే పెద్దవాళ్ళు ఆ కాలంలో పెళ్ళిళ్ళు వద్దన్నారు! మన పెద్దల ముందుచూపుకు నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. శుక్రుడికి మాట వెతకనవసరం లేదు, వీనస్ అని నాకే తెలుసు.

మూడు సాయంత్రాలు దిద్ది దిద్ది రాశాను. నేను ఇంగ్లీషులో రాసిన దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులోకి తెస్తే ఇలా ఉంటుంది: "అయ్యా, వీనస్ కనబడకుండా పోయినందువలన మా కుటుంబములో ప్రస్తుతము మూర్ఖత్వము నడుచుచున్నది. ఈ సమయములో మేము ఎట్టి శుభకార్యమును చేయజాలము. వీనస్ వచ్చే నెలాఖరున తప్పక తిరిగి వచ్చును. ఆ దినముతో మా కుటుంబములో మూర్ఖత్వము పూర్తిగా ముగియును. ముగిసిన వెంటనే ఈమెకును మా అన్నకును వివాహము జరుపబడును. కావున మూర్ఖత్వము ముగియు వరకు ఈమెను ఈ దేశములో ఉండనియ్యవలెనని ప్రార్థన." చదువుకుని నాకు నేనే మురిసిపోయాను. చాల్లో పైకి చదివి వినిపించాను కూడా. ఒక్కరికీ అర్థం కాలేదు కాబట్టి అందరూ బాగుందన్నారు. వదిన మాత్రం కాగితం తీసుకుని, తనే ఒకసారి చదువుకుని సంతకం పెట్టింది. నాయిన అయితే, "దమ్మున్న ఇంగ్లీష్ బిడ్డా," అన్నాడు.

మామూలుగా ఇలాంటి దరఖాస్తులకు జవాబు ఫోనుకే వస్తుందని మా సెంటర్ యజమాని చెప్పాడు. మాకు మాత్రం దరఖాస్తుదారు, కాబోయే భర్త, ఫారం నింపినవారు, ఇంటి పెద్ద, అందరూ స్వయంగా ఆఫీసుకు రావలసిందని కబురొచ్చింది. నా ఇంగ్లీషు చూసి ముచ్చటపడి పిలిచారనుకున్నాను, ఒట్టు. చాల్లోనూ అదే నమ్మకం. "మేడంకు సర్కారు నౌక్రీ ఇస్తరేమో," అని కూడా ఎవరో అన్నారు. నేను దాన్ని గట్టిగా ఖండించలేదు. ఆ రోజు అవ్వ పట్టుచీర కట్టింది, అన్న మస్కట్ నుంచి తెచ్చిన అత్తరు పూసుకున్నాడు, వదినకు అమ్మ తన పచ్చ చీర కట్టింది. అన్న ముందు సీట్లో, మేం ముగ్గురం వెనకాల టాక్సీ ఎక్కాం. ఫాక్‌లాండ్ రోడ్డు మలుపు దాకా పిల్లలు టాక్సీ వెంట పరుగెత్తుకొచ్చారు. నాయినకు పని ఉండి రాలేదు. (పని లేకున్నా, నలుగురిలో తనను "తాతయ్" అంటుందనే భయంతో వచ్చేవాడు కాదని అమ్మ అంటుంది.)

ఆఫీసులో మమ్మల్ని ఒక మరాఠీ మేడం గదిలోకి పంపించారు. కళ్ళజోడుకు దారం కట్టి మెడలో వేసుకుంది, నవ్వని మొహం. "బసా," అంది, కూచున్నాం. కాగితం మీద మా అడ్రసు చదివి, కళ్ళెత్తి మమ్మల్నందరినీ ఒకసారి చూసింది. కామాటిపుర అనగానే, ఊరికి తెలిసింది అక్కడి వేశ్యావాటిక ఒక్కటే కాబట్టి, బయటివాళ్ళ మొహంలో కనబడే చూపు ఒకటుంటుంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్నా దానికి నాకు ఒళ్ళు మండుతూనే ఉంటుంది. కామాటీలు, అంటే మాలాగా రాళ్ళు మోయడానికి వచ్చిన తెలుగు కూలీలు, కట్టుకుని బతికిన చోటు కాబట్టి ఆ పేరు వచ్చింది, అది మా పేరు. ఎవరో ఏదో అనుకుంటారని మేమెందుకు తలొంచుకోవాలి? నేను ఆగలేక, "మేము కామాటోళ్ళం మేడం. ఈ ఊరు కట్టినోళ్ళం," అనేశాను హిందీలో. ఆమె కళ్ళజోడు సర్దుకుని, "తెలుసమ్మా. నేను అడగబోయింది అది కాదు," అంది. "ఈ వీనస్ ఎవరు?"

నేను వినయంగా, "కనబడటం లేదు మేడం," అన్నాను.

"అది చదివాను. ఎప్పటి నుంచి?"

"రెండు మూడు వారాలైంది."

"పోలీసులకు చెప్పారా?"

"అక్కర్లేదు మేడం, వచ్చే నెల తనే వస్తుంది. మా పంతులు లెక్కగట్టి చెప్పిండు."

ఆమె కలం కింద పెట్టింది. "ఎక్కడికి పోయిందో తెలుసా?"

"సూర్యుని దగ్గరికి పోయింది మేడం. సూర్యునికి మరీ దగ్గరగా ఉన్నది కాబట్టి మనకు కనబడదు." ఇది నేను పుస్తకంలో చదివిన సంగతే. చెప్పి, నా తెలివికి ఆమె ఏమంటుందోనని చూశాను.

మేడం మొహంలో మొదటిసారి జాలి కనబడింది. గొంతు తగ్గించి, "అంటే మీ ఇంటి పిల్ల ఎవరో సూర్య అనే అబ్బాయితో వెళ్ళిపోయింది. ఆ పరువు తక్కువకు ఈ పెళ్ళి ఆగిపోయింది. అంతేనా?" అంది.

అవ్వకు హిందీ, మరాఠీ రెండూ మా అందరికంటే బాగా వచ్చు, చెవులు మాత్రం సగం సగమే వింటాయి. ఆ సగంలో ఈ ముక్క పడింది. కుర్చీలోంచి లేచి నిలబడి, "మనింట్ల ఎవతే లేచిపోయింది? నాకు జెప్పకుంట ఎట్ల దాస్తిరే?" అని నా జబ్బ పట్టుకుంది. అన్న "అవ్వా, కూసో అవ్వా" అంటున్నాడు. నేను "వీనస్ మనిషి కాదు మేడం, చుక్క!" అంటున్నాను. వదినకు ఏమీ అర్థం కాక, పెద్దవాళ్ళందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు కాబట్టి అందరికీ కలిపి "ఓపో, ఓపో" అంటోంది. పక్క గదిలోంచి ఇద్దరు గుమస్తాలు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

గొడవ సద్దుమణిగాక శుక్రుడి సంగతి మొదటి నుంచి చెప్పుకొచ్చాను. ఆమెకు వెంటనే అర్థమైంది. "శుక్రాచా అస్త్!" అంది. వాళ్ళలోనూ ఉందట. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. కానీ ఆమె కాగితం వదల్లేదు. "సరే, శుక్రుడు దొరికాడు. మరి ఈ మూర్ఖత్వం ఏమిటి? ఇంట్లో మూర్ఖత్వం ఉందని ఒప్పుకున్నవాళ్ళనే నేను చూడలేదు. అది ఏ తేదీన అయిపోతుందో కూడా రాశావు. అంత కచ్చితంగా ఎట్లా తెలిసింది నీకు?" అని అడిగింది. నేను జవాబు చెప్పబోయి, నోరు తెరిచి, అప్పుడు కాగితం మీది నా ఇంగ్లీషును ఆమె కళ్ళతో చదువుకున్నాను. చెవుల నుంచి వేడి పుట్టి పాదాల దాకా దిగింది. మా నాయిన, అమ్మ, అన్న, మూఢాలల్ల లగ్గం వద్దన్న మా అవ్వ, అందరినీ నేను భారత ప్రభుత్వానికి మూర్ఖులని రాతపూర్వకంగా అప్పగించానన్న మాట. అంతలో మేడం ఫైలు మూసి, ఇలాంటి కారణాల మీద గడువు పెంచడానికి రూల్స్ ఒప్పుకోవనీ, ఇంటివాళ్ళు పట్టుబట్టారని ఒక విదేశీ అమ్మాయిని ఆపి ఉంచడం తనకు మంచిగా తోచడం లేదనీ అంది. అన్న మొహం పాలిపోయింది. నా వల్లనే వదిన వెళ్ళిపోతోందని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మేడం వదిన వైపు తిరిగి, ఇంగ్లీషులో, నెమ్మదిగా అడిగింది. "నీ మాట చెప్పు. నీకు ఆగాలని ఉందా? లేక వీళ్ళు ఆపుతున్నారా?"

వదిన చేతులు ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూచుంది. అప్పటిదాకా నేను ఆమె అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడగా వినలేదు. "మేడం, మా ఊళ్ళో తోబుట్టువులు ఇద్దరు ఒకే ఏడాది పెళ్ళి చేసుకోకూడదు. చేసుకుంటే ఒకరి అదృష్టం ఇంకొకరు తినేస్తారంటారు. మా అక్క పెళ్ళి అయ్యేసరికి మేమిద్దరం పెళ్ళికి సిద్ధంగా ఉన్నాం. అమ్మ వద్దంది. నేను ఏడాది ఆగాను, ఈయన కూడా ఏడాది ఆగాడు, ఒక్క మాట అనలేదు. మా అమ్మ మూర్ఖత్వం కోసం ఏడాది ఆగినవాళ్ళం, ఈ అవ్వ మూర్ఖత్వం కోసం నెల ఆగలేమా? ఈ కాగితం చదివి నేను నవ్వలేదు మేడం. మా ఇంట్లో లాగానే ఉందనుకున్నాను."

అవ్వ నా మోచేయి పొడిచి, "ఏమన్నదే పిల్ల?" అని గుసగుసగా అడిగింది. "నీకోసం ఆగుతనంటున్నది అవ్వా," అన్నాను. మూర్ఖత్వం అనే మాట మాత్రం మింగేశాను, అనువాదంలో నాకు మొదటిసారి తెలివి వచ్చింది అప్పుడే. అవ్వ వదిన చెయ్యి తీసి తన రెండు చేతుల్లో పెట్టుకుని కూచుంది.

మేడం కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకోవడం మొదలుపెట్టింది, ఎంతకూ ఆపదు. చూస్తే ఆమె భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోంది! "ఆమ్‌చ్యాకడే పణ్," అంది, మా ఇళ్ళల్లోనూ అంతేనని. తన పెళ్ళికి కూడా చాతుర్మాసం అడ్డం వచ్చిందట, పండగలన్నీ అయ్యేదాకా కుదరదని వాళ్ళ నానమ్మ పట్టుబడితే, ఈలోగా పెళ్ళికొడుకు మనసు మార్చుకుంటాడేమోనని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుందట. "మార్చుకున్నా బాగుండేది," అని తలుపు దగ్గరి గుమస్తాలకు వినబడేలా అని, ఫైలు మళ్ళీ తెరిచింది. పెళ్ళికి సంబంధించిన కాగితాలు, అన్న తిరుగు టికెట్టు, పంతులు రాసిన లగ్నపత్రిక తెచ్చి పెడితే పై అధికారితో తనే మాట్లాడతానంది. నా వైపు కొత్త ఫారం జరిపి, "మూర్ఖత్వం అని రాసిస్తే మా పెద్దసారు, పెళ్ళిళ్ళన్నిటికీ కారణం అదే కదా, ఇందులో ప్రత్యేకం ఏముంది అంటాడు. 'కుటుంబ ఆచారం' అని రాయి," అంది. మూడు సాయంత్రాలు నేను పడిన పాట్లన్నీ రెండు మాటల్లో అయిపోయాయి.

గడువు పెరిగింది. ఆ కబురు నా ఫోనుకు వచ్చిన మధ్యాహ్నం నేను సెంటర్లో జనాన్ని వదిలేసి ఫోరస్ రోడ్డు నుంచి ఇంటిదాకా చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తాను. మెట్ల కింద నుంచే అరిచాను. ఆ అరుపుకు పావురాలన్నీ లేచిపోయాయి. వదిన గ్యాలరీలోంచి తొంగిచూసి, నా మొహం చూసి, అక్కడే కటకటాలు పట్టుకుని కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అన్న ఏడవలేదని చెప్పుకుంటాడు, వాడు మీకెవరికైనా అలా చెబితే నమ్మకండి.

శుక్రుడు చెప్పిన మాట ప్రకారం తిరిగొచ్చాడు. గల్లీలో పందిరి వేశారు, నాయిన తన చేత్తో చాల్ ముందు గోడంతా పసుపుపచ్చ రంగు వేశాడు. వదిన వాళ్ళమ్మ ఫోనులో, అమ్మ పక్కన కుర్చీ మీద నిలబెట్టిన ఫోనులో, పెళ్ళంతా చూసింది. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు అక్కడ ఆమె చేతులు జోడించి వాళ్ళ దేవుణ్ణి తలుచుకుంటుంటే, ఇక్కడ అవ్వ ఫోనుకే అక్షింతలు వేసింది. వదిన తానే చేసిన కేకు కోసి మొదటి ముక్క నాయిన నోట్లో పెట్టి, "తాతయ్" అంది. నాయిన ఆ రోజు ఏమీ అనలేదు, రంగు అంటిన చేత్తో కళ్ళు తుడుచుకుని మొహమంతా పసుపుపచ్చ చేసుకున్నాడు.

వాళ్ళు మస్కట్ బయల్దేరిన రోజు గ్యాలరీ అంతా జనమే. వదిన అందరి కాళ్ళకూ దణ్ణం పెట్టి, నేర్చుకున్న తెలుగుతో, "అవ్వా, పోత," అంది. అవ్వ ఆమె నోరు మూసేసింది. "పోత అనొద్దు బిడ్డా. మనిండ్లల్ల గట్లనరు. పోయొస్త అనాలె." వదినకు ఒక్కసారిగా రెండు భాషలూ నోట్లో కలిసిపోయాయి. అవునండీ అని మర్యాదగా చెప్పాలి, వెళ్ళొస్తానని కూడా చెప్పాలి. చేతులు కట్టుకుని, తల వంచి, "ఓపోయొస్త," అంది. మేమంతా ఏడుపు మధ్యలో పగలబడి నవ్వాం. ఆ రోజు నుంచి మా అంతస్తులో ఎవరు గడప దాటినా అదే మాట. అవ్వకు ఇప్పుడు చూపు తగ్గింది, మనుషులను గొంతుతోనే గుర్తుపడుతుంది. ఈ మాట అని చూస్తే చాలు, ఎవరన్నా సరే, ఆమె మొహం విప్పారుతుంది. ఏడాదికి ఒకసారి వదిన పిల్లలతో వచ్చి నిజంగానే మాట నిలబెట్టుకుంటుంది.

ఇప్పుడు ఫోరస్ రోడ్డు మీద నాకు సొంత కౌంటర్ ఉంది. (ఫ్యాను తిరుగుతుంది.) వీసా గడువు పెంచుకోవాలని వచ్చేవాళ్ళకు ఫారం నేనే నింపుతాను, కారణం అన్న డబ్బా దగ్గర ఎప్పుడూ ఒక నిమిషం ఆగుతాను. ఎవరినైనా అడగడానికి ఇప్పుడు నాకు సిగ్గు లేదు, వచ్చిన ప్రతి మాటకూ ఇద్దరు ముగ్గురినైనా అడుగుతాను. అయినా నెలలో ఒకసారైనా ఏదో ఒక మాట దగ్గర బోర్లా పడతాను. నాకు అప్పుడు ఆ మేడం అడిగిన ప్రశ్న గుర్తొస్తుంది, మూర్ఖత్వం అయిపోయే తేదీ అంత కచ్చితంగా ఎట్లా తెలుసని. వచ్చే నెలాఖరుకు పూర్తిగా ముగియునని సంతకం పెట్టి మరీ రాసిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, ముద్దొస్తుంది కూడా. వదిన గడువు ఒక్కసారే పెంచారు. నా మూర్ఖత్వానికి మాత్రం ఏ ఫారమూ నింపకుండానే ఏటేటా గడువు పెరుగుతూనే ఉంది.